పుండులో బయోఫిల్మ్‌పై ప్రయోగానికి ఏ జంతువు? చిట్టెలుక, కుందేలు, పంది మధ్య ఎంపిక

పుండులో బ్యాక్టీరియా తాము తయారుచేసుకున్న జిగురులో గుంపులుగా దాక్కుంటే దాన్ని బయోఫిల్మ్ అంటారు. దాన్ని వదిలించడానికి కొత్త ఆయింట్‌మెంటో, కొత్త డ్రెస్సింగో చేతిలో ఉంది. ల్యాబులో బ్యాక్టీరియా పెంచే అగర్ ప్లేటు మీద బాగా పనిచేసింది. ఇక జంతువు మీద చూడాలి. ఈ దశలో చాలామంది చేసేది ఒకటే: యానిమల్ హౌస్‌లో ఏ జంతువు ఉందో చూసుకుని, దానికి సరిపోయేలా ప్రయోగం రాసుకోవడం. చిట్టెలుకలుంటే చిట్టెలుకలు, కుందేళ్లుంటే కుందేళ్లు. అలా మొదలైన పని ఏడాది తర్వాత "మందు వేసినవీ వేయనివీ అన్నీ పన్నెండో రోజుకల్లా మానిపోయాయి" అన్న చోట ఆగిపోతుంది. పోయిన డబ్బు, కాలం సంగతి అలా ఉంచండి. ఏ సంగతీ తేల్చకుండానే అన్ని జంతువుల ప్రాణాలు పోయాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. అందుకే ఈ ఎంపిక గురించి వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ జంతువు పుండూ మనిషి పుండుకు నకలు కాదు. ప్రతిదానిలో ఎక్కడో ఒక చోట పెద్ద తేడా ఉంటుంది. మీ ప్రశ్న సరిగ్గా ఆ తేడా ఉన్న చోటే పడకుండా చూసుకోవాలి. చిట్టెలుకలో కొన్ని ప్రశ్నలు అడగకూడదు, పందిలో మరికొన్ని అడగడం దండగ. కాబట్టి జంతువు పేరు రాసే ముందు, చివర్లో మీరు గీయబోయే గ్రాఫులో నిలువు గీత మీద ఏముంటుందో రాసుకోండి. బ్యాక్టీరియా సంఖ్యా? పుండు మూసుకున్న శాతమా? కొత్త చర్మం గట్టితనమా? ఆ ఒక్క మాట తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

మనిషి పుండులో కనిపించేది

2008లో గార్త్ జేమ్స్ బృందం మానకుండా మొండికేసిన 50 పుండ్ల నుంచి ముక్కలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసింది. వాటిలో 30 పుండ్లలో బయోఫిల్మ్ ఉంది. కొత్తగా తగిలిన గాయాలు 16 చూస్తే ఒక్కదానిలోనే కనిపించింది. 2017లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేసినప్పుడు మానని పుండ్లలో బయోఫిల్మ్ వాటా 78 శాతంగా తేలింది.

అయితే ఆ బయోఫిల్మ్ మనం ల్యాబులో ప్లాస్టిక్ మీద పెంచే పరుపులాంటి పొర కాదు. కణజాలంలో అక్కడక్కడా, కొన్ని మైక్రోమీటర్ల నుంచి దాదాపు 200 మైక్రోమీటర్ల దాకా ఉండే చిన్న చిన్న గుంపులు. బ్యాక్టీరియా తమ చుట్టూ తామే చక్కెరలు, ప్రొటీన్లు, బయటపడ్డ డీఎన్ఏ కలిపి కట్టుకున్న జిగురులో కూర్చుని ఉంటాయి. సూడోమోనాస్ ఎరుజినోసా గుంపులు లోతుగా, స్టాఫిలోకాకస్ ఆరియస్ గుంపులు పైపైన ఉంటున్నాయని 2009లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. పైగా ఒకే పుండులో ఒక మూల బయోఫిల్మ్ ఉండి, పక్కనే లేకపోవచ్చు. పుండు వయసు వారాల్లో, ఒక్కోసారి ఏళ్లలో ఉంటుంది.

దీనికి ఎదురుగా జంతువులో మనం చేసేదేమిటి? ఆరోగ్యంగా ఉన్న చర్మానికి శుభ్రంగా కోత పెట్టి, ఒకటో రెండో జాతుల బ్యాక్టీరియాను లక్షల్లో ఒక్కసారిగా పోసి, వారం పది రోజుల్లో లెక్క తేల్చేస్తాం. మోడళ్లన్నిటికీ ఉన్న ఉమ్మడి లోపం ఈ తొందర. దాన్ని పూర్తిగా తీసేయలేం. కానీ ఏ జంతువులో దాన్ని ఎంత తగ్గించవచ్చో చూడవచ్చు.

ఇంకొకటి. పుండులో బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన బయోఫిల్మ్ ఉన్నట్టు కాదు. గ్రాము కణజాలంలో లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అనే పాత లెక్క ఒకటుంది. ఆ లెక్క బయోఫిల్మ్ ఉందో లేదో చెప్పదు. విడివిడిగా తిరిగే బ్యాక్టీరియా కూడా కోట్లలో ఉండొచ్చు. కాబట్టి కనీసం రెండు సాక్ష్యాలు కావాలి. మొదటిది, గుంపులను కళ్లతో చూడటం. కణజాలం ముక్కలో ఆ జాతి జన్యుపదార్థానికే అతుక్కుని మెరిసే ఫిష్ (FISH) ప్రోబులు వేసి కన్‌ఫోకల్ మైక్రోస్కోపులో చూడటం దీనికి మంచి దారి. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రం ఎంత అందంగా ఉన్నా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నమూనాను ఎండబెట్టేసరికి జిగురు కుంచించుకుపోయి దారాల్లా మారుతుంది. గాయంలో రక్తం గడ్డకట్టేటప్పుడు సహజంగానే ఏర్పడే ఫైబ్రిన్ దారాలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. రెండో సాక్ష్యం మందుకు లొంగకపోవడం: విడి బ్యాక్టీరియాను చంపే మోతాదు ఇక్కడ పనిచేయడం లేదని చూపించాలి. ఈ రెండూ చేయడానికి మీరు ఎంచుకున్న జంతువు పుండులో సరిపడా కణజాలం దొరుకుతుందా అన్నది కూడా ఎంపికలో భాగమే.

చిట్టెలుక: చవక, పనిముట్లెన్నో, కానీ చర్మం వేరు

చిట్టెలుక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లాగితే సంచిలా పైకొస్తుంది. కింది కణజాలానికి అది వదులుగానే అతుక్కుని ఉంటుంది. ఆ చర్మం కింద పానిక్యులస్ కార్నోసస్ అనే పల్చని కండరపు పొర ఉంటుంది. గాయం చేయగానే చర్మం లోపలికి ముడుచుకుంటూ వచ్చి అంచులు దగ్గరైపోతాయి. మనిషిలో అలా కాదు. అడుగు నుంచి కొత్త కండ పట్టి, దాని మీదుగా అంచుల నుంచి చర్మకణాలు పాక్కుంటూ రావాలి. బయోఫిల్మ్ అడ్డుపడేది ప్రధానంగా ఈ పాకుడుకే. అంటే మామూలు చిట్టెలుకలో గాయం ఎంత మూసుకుందో కొలిస్తే, మీకు కావాల్సిన దానికి బదులు కండరం లాగిన బలాన్ని కొలుస్తున్నట్టే.

దీనికి విరుగుడు స్ప్లింటు. గాయం చుట్టూ సిలికోన్ రింగు అంటించి, కుట్లు వేసి, అంచులు దగ్గరకు రాకుండా పట్టి ఉంచుతారు. 2004లో గాలియానో బృందం వివరించిన ఈ పద్ధతి ఇప్పుడు మామూలైపోయింది. రాయడం తేలికే, నిలబెట్టడం కష్టం. తెల్లారి చూసేసరికి కొన్ని చిట్టెలుకలు రింగును కొరికేసి ఉంటాయి. ఒక కుట్టు ఊడి రింగు ఒక పక్క లేచినా ఆ గాయం మిగతావాటిలా ఉండదు. రింగు వదులైతే ఆ గాయాన్ని లెక్కలోంచి తీసేస్తామా, మళ్లీ కుడతామా అన్నది ప్రయోగానికి ముందే కాగితం మీద ఉండాలి. ఫలితాలు చూశాక తీసుకునే నిర్ణయం నమ్మదగ్గది కాదు.

ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక గాయాన్ని చాలా త్వరగా మాన్పుకుంటుంది. అందుకే డయాబెటిస్ ఉన్న రకాలు వాడతారు. డీబీ/డీబీ రకంలో ఆకలిని అదుపుచేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ పనిచేయదు, ఓబీ/ఓబీలో లెప్టినే తయారు కాదు. 2010లో ఝావో బృందం డీబీ/డీబీ చిట్టెలుకలకు గాయం చేసి, రెండు రోజులాగి, ముందుగానే పెంచిన సూడోమోనాస్ బయోఫిల్మ్‌ను ఆ గాయం మీద పెట్టింది. ఆ పుండ్లు మానడానికి నాలుగు వారాలకు పైనే పట్టింది. మందు వేసి చూడటానికి కావాల్సినంత వ్యవధి అది. అయితే ఒక జాగ్రత్త. లెప్టిన్‌కు రోగనిరోధక కణాలతోనూ చర్మం మానడంతోనూ నేరుగా సంబంధం ఉంది. కాబట్టి ఈ చిట్టెలుకల్లో కనిపించే ఆలస్యమంతా షుగర్ వల్లేనని రాయకూడదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపే స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి షుగర్ తెప్పిస్తే ఈ చిక్కు ఉండదు, కానీ అది టైప్ 1కు దగ్గర. షుగర్ ఉండి మానని కాలి పుండ్లతో వచ్చేవాళ్లలో ఎక్కువమందిది టైప్ 2.

బ్యాక్టీరియాను ఎలా పెట్టాలన్నది కూడా ఆలోచించాలి. బయట పెంచిన బయోఫిల్మ్‌ను తెచ్చి పెడితే మొదటి క్షణం నుంచీ అక్కడున్నది బయోఫిల్మే. చికిత్సలను పోల్చడానికి ఇది బాగుంటుంది. విడి బ్యాక్టీరియాను పోసి గాయంలోనే బయోఫిల్మ్ కట్టనిస్తే శరీరమూ బ్యాక్టీరియా కలిసి తయారుచేసినది దొరుకుతుంది. బయోఫిల్మ్ ఎలా మొదలవుతుందన్నది మీ ప్రశ్న అయితే దారి ఇదే. కానీ ఒక చిట్టెలుక బ్యాక్టీరియాను పూర్తిగా ఊడ్చేస్తుంది, పక్కదానికి ఒళ్లంతా పాకుతుంది. కాలిన గాయంలో సూడోమోనాస్ వేస్తే ఈ రెండోదే ఎక్కువ: కొద్ది మోతాదుకే రెండు మూడు రోజుల్లో రక్తానికి పాకి జంతువు చనిపోతుంది. బ్యాక్టీరియా తీవ్రతను కొలవడానికి అది పనికొస్తుంది. మానని పుండును చదవడానికి పనికిరాదు. కాలిన గాయంలోనే బయోఫిల్మ్ కావాలనుకున్నవాళ్లు బ్యాక్టీరియాను ఆల్జినేట్ పూసల్లో పొదిగి చర్మం కింద పెట్టడం లాంటి ఉపాయాలు చేశారు.

ఒక్క జాతితో సరిపెట్టుకోలేని ప్రశ్నలకు కూడా చిట్టెలుకలో మంచి పని జరిగింది. 2011లో అమెరికా పరిశోధకురాలు కెండ్రా రంబా ల్యాబు సూడోమోనాస్, స్టాఫిలోకాకస్, ఎంటెరోకాకస్ ఫీకాలిస్, ఫైన్‌గోల్డియా మాగ్నా అనే నాలుగు జాతులను ముందు కలిపి పెంచి, ఆ ముద్దను చిట్టెలుక గాయంలోకి మార్చింది. కలిసి ఉన్నప్పుడు అవి మందులను ఎక్కువ తట్టుకున్నాయి. అసలు బయటి బ్యాక్టీరియా ఏదీ వేయకుండానే బయోఫిల్మ్ రప్పించిన పద్ధతి ఒకటుంది. డీబీ/డీబీ చిట్టెలుకల్లో గాయం సమయంలో ఆక్సీకరణను అదుపుచేసే ఎంజైములను అడ్డుకుంటే, చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియాయే మూడు వారాల్లోగా బయోఫిల్మ్ కట్టి పుండును మొండి పుండుగా మార్చేస్తుంది. మనిషిలో జరిగేదానికి ఇంత దగ్గరగా వచ్చిన చిట్టెలుక మోడల్ మరొకటి లేదని నాకనిపిస్తుంది. చిక్కల్లా, ఏ పుండులో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో మన చేతిలో ఉండదు. ఒక యాంటీబయాటిక్‌ను మరొకదానితో పోల్చాలనుకుంటే ఇది తలనొప్పి. బ్యాక్టీరియా సమాజం ఎలా మారుతుందో చూడాలనుకుంటే ఇదే బంగారం.

రోగనిరోధక శక్తి విషయంలో రెండు తేడాలు గుర్తుంచుకోండి. మనిషి రక్తంలో తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 50 నుంచి 70 శాతం దాకా ఉంటాయి, చిట్టెలుకలో 10 నుంచి 25 శాతమే. బయోఫిల్మ్ చుట్టూ చేరి విఫలమయ్యే మొదటి కణాలు అవే. రెండోది, స్టాఫిలోకాకస్ వదిలే పీవీఎల్ అనే విషం మనిషి, కుందేలు న్యూట్రోఫిల్స్‌ను చంపుతుంది కానీ చిట్టెలుక న్యూట్రోఫిల్స్‌ను దాదాపు ఏమీ చేయలేదు. స్టాఫ్ విషాల మీద ప్రశ్న ఉంటే చిట్టెలుకను పక్కన పెట్టండి.

మరి చిట్టెలుకను ఎందుకు వాడాలి? ఒక జన్యువును తీసేసిన రకాలు, దాదాపు ప్రతి రకం కణాన్నీ గుర్తుపట్టే యాంటీబాడీలు, తక్కువ ఖర్చు, బతికుండగానే వెలుగు చిమ్మే బ్యాక్టీరియాను కెమెరాతో చూసే వీలు. "ఎందుకు" అనే ప్రశ్నకు ఈ సదుపాయాలు మరే జంతువులోనూ ఇంతగా లేవు. వెలుగు విషయంలో మాత్రం ఒక మాట. ఆ మెరుపుకు ఆక్సిజన్ కావాలి, బ్యాక్టీరియా చురుగ్గా ఉండాలి. బయోఫిల్మ్ లోపలున్నవాటికి ఆక్సిజన్ అందదు, అవి మందకొడిగా బతుకుతాయి. కెమెరాలో వెలుగు తగ్గితే బ్యాక్టీరియా చచ్చినట్టు కాదు, నిద్రపోయి ఉండొచ్చు. కణజాలం నూరి కాలనీలు లెక్కపెట్టకుండా ఆ చిత్రాన్ని పేపర్లో పెట్టకండి.

చిన్నదే అయినా ఫలితాలను తారుమారు చేసే సంగతి మరొకటి. చిట్టెలుక వెంట్రుకలు విడతలు విడతలుగా పెరుగుతాయి, పెరిగే దశలో గాయం త్వరగా మానుతుంది. నల్ల బొచ్చు ఉండే సీ57 రకానికి వీపు గొరిగి చూస్తే ఇది కంటికే తెలుస్తుంది: చర్మం లేత గులాబీ రంగులో ఉంటే విశ్రాంతి దశ, బూడిద నలుపులో మచ్చలు మచ్చలుగా ఉంటే పెరిగే దశ. ఏడెనిమిది వారాల వయసులో ఎక్కువ వాటికి చర్మం గులాబీగా ఉంటుంది. గొరిగిన రోజున ఒక్క నిమిషం చూసి రాసుకుంటే, తర్వాత అర్థంకాని తేడాలు సగం తగ్గుతాయి.

కుందేలు చెవి: చిన్న గాయం, కచ్చితమైన లెక్క

ఈ రంగంలో నాకు బాగా నచ్చిన మోడల్ ఇది. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో థామస్ మస్టో బృందం ఏళ్లుగా వాడుతున్న కుందేలు చెవి గాయాన్ని 2011లో గుర్జాలా తదితరులు బయోఫిల్మ్ కోసం మలిచారు.

కుందేలు చెవి లోపలి వైపు చర్మం కింది మృదులాస్థికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. 6 మిల్లీమీటర్ల బయాప్సీ పంచ్‌తో మృదులాస్థి కనిపించేదాకా గుండ్రంగా చర్మం తీస్తారు. ఆ మృదులాస్థే స్ప్లింటు. గాయం ముడుచుకుపోవడం కుదరదు. అడుగున రక్తనాళాలు లేని తెల్లటి పలక కాబట్టి కొత్త కండ అడుగు నుంచి రావడానికి వీల్లేదు, అంచుల నుంచే రావాలి. చర్మకణాలు కూడా అంచుల నుంచే. దాంతో గాయాన్ని సరిగ్గా మధ్యలోకి కోసి, అడ్డంగా స్లైడు మీద పెట్టి చూస్తే రెండు కొసలు కనిపిస్తాయి: ఎడమ నుంచి వస్తున్న కొత్త చర్మపు నాలుక, కుడి నుంచి వస్తున్న మరో నాలుక. మధ్యలో మిగిలిన ఖాళీని మిల్లీమీటర్లలో కొలవడమే. కొత్త కండ ఎంత మేర పరుచుకుందో కూడా అదే స్లైడులో తెలుస్తుంది. కంటి అంచనాకు ఇక్కడ పెద్దగా చోటు లేదు.

బ్యాక్టీరియా వేసే క్రమం కూడా తెలివైనది. గాయం చేసిన మూడో రోజున పది లక్షల బ్యాక్టీరియా వేస్తారు. ఒక రోజు వాటిని పెరగనిస్తారు. నాలుగో రోజున పైపూత యాంటీబయాటిక్ వేస్తారు. విడిగా తిరిగేవి చచ్చిపోతాయి, జిగురులో చేరినవి మిగులుతాయి. ఆ తర్వాత యాంటీసెప్టిక్ ఉన్న డ్రెస్సింగు కింద ఉంచి, విడి బ్యాక్టీరియా మళ్లీ పెరగకుండా చూస్తారు. పన్నెండో రోజున తీసి చూస్తే అక్కడున్నది బయోఫిల్మ్ అని ధైర్యంగా అనొచ్చు, ఎందుకంటే మందుకు లొంగకపోవడం అనే పరీక్ష ప్రయోగంలోనే ఇమిడి ఉంది. పైకి చూస్తే ఆ గాయం భయపెట్టేలా ఉండదు. చీము కారుతూ ఎర్రగా వాచిపోదు. పారదర్శకమైన ఫిల్మ్ కింద కాస్త రసి, పైన పల్చటి జిగట, అంతే. కానీ కొత్త చర్మం మాత్రం ముందుకు కదలదు. ఆసుపత్రిలో నెలల తరబడి డ్రెస్సింగు మార్చుకునే మనిషి పుండు కూడా చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

ఈ మోడల్ చికిత్సలకు సంబంధించి ఒక స్పష్టమైన మాట చెప్పింది. 2012లో సేథ్ తదితరులు సూడోమోనాస్ బయోఫిల్మ్ ఉన్న చెవి గాయాలకు చచ్చిన కండను గీకి తీయడం, ధారగా కడగడం, వెండి ఉన్న సిల్వర్ సల్ఫాడయజిన్ అనే మందు పూయడం విడివిడిగానూ కలిపీ చేసి చూశారు. విడివిడిగా ఏదీ పెద్దగా సాధించలేదు. కలిపి చేసినప్పుడే బ్యాక్టీరియా తగ్గి గాయం మానడం మెరుగైంది. రక్తప్రసరణ తగ్గిన కాలి పుండు గురించి అడగాలంటే, చెవికి రక్తం తెచ్చే మూడు ప్రధాన ధమనుల్లో రెంటిని కట్టేసే పాత పద్ధతి ఉంది. దాన్ని దీనికి జోడించవచ్చు.

లోపాలూ ఉన్నాయి. అడుగున మృదులాస్థి ఉంది కాబట్టి బ్యాక్టీరియా లోతుకు ఎలా దిగుతుందన్న ప్రశ్న ఇక్కడ అడగలేం. 6 మిల్లీమీటర్ల గాయం మీద పెద్ద డ్రెస్సింగునో, వాక్యూమ్ పంపునో పరీక్షించలేం. కుందేలుకు పనిచేసే యాంటీబాడీలు తక్కువ. జన్యువులు మార్చిన కుందేళ్లు ఇంకా తక్కువ. మరో ప్రమాదం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది: అమాక్సిసిలిన్, క్లిండమైసిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగులోని మంచి బ్యాక్టీరియా దెబ్బతిని జంతువు చనిపోవచ్చు. మీరు పరీక్షించే మందు ఆ కోవదై, నోటి ద్వారా ఇవ్వాల్సిందైతే కుందేలు జోలికి వెళ్లొద్దు. కుందేలు నొప్పిని బయటకు చూపించదు కూడా. కదలకుండా మూలన కూర్చుని మేత తగ్గించిందంటే బాగా బాధపడుతోందని అర్థం. రోజూ మేత తూచడం నొప్పిని కనిపెట్టే పనిలో భాగమే.

పంది: చర్మం దగ్గర, మిగతావన్నీ బరువు

పంది చర్మం మనిషి చర్మంలాగే కింది పొరకు గట్టిగా అతుక్కుని, తక్కువ వెంట్రుకలతో, దాదాపు అంతే మందంగా ఉంటుంది. గాయం మానడం కూడా ప్రధానంగా చర్మకణాలు పాకడం వల్లే. 2001లో సల్లివన్ తదితరులు గాయాల చికిత్సలపై వచ్చిన అధ్యయనాలను పోల్చి చూస్తే, పందిలో వచ్చిన ఫలితం మనిషిలో వచ్చినదానితో 78 శాతం సరిపోయింది. చిన్న జంతువుల్లో అది 53 శాతం, ల్యాబు పాత్రల్లో 57 శాతం. ఈ అంకెలను చూపించి "పందే మేలు" అనేవాళ్లున్నారు. అవి గాయం చికిత్సలన్నిటి మీదా తీసిన అంకెలు, బయోఫిల్మ్ ఒక్కదాని మీద కాదు. అయినా మనుషుల దగ్గరకు వెళ్లబోయే డ్రెస్సింగుకు ఆఖరి మెట్టు పందేనని నేనూ ఒప్పుకుంటాను.

2008లో డేవిస్ బృందం పంది చర్మం మీద పైపొర మాత్రమే తీసిన గాయాల్లో స్టాఫిలోకాకస్ వేసి, కొన్నిటికి 15 నిమిషాలకే పూతమందు వేసింది, కొన్నిటికి 48 గంటల తర్వాత. 15 నిమిషాలకు వేసినప్పుడు బాగా పనిచేసిన మందులే 48 గంటల తర్వాత చతికిలపడ్డాయి. ఎప్పుడు మందు వేశారన్నది చూడకుండా రెండు పేపర్లను పోల్చకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పంది మాత్రమే చెప్పగలిగిన ఒక సంగతి 2014లో రాయ్, సేన్ బృందం బయటపెట్టింది. పంది వీపు మీద రెండంగుళాల కాలిన గాయాల్లో సూడోమోనాస్, ఎసినెటోబ్యాక్టర్ బౌమానీ కలిపి వేసి 56 రోజులు గమనించారు. బయోఫిల్మ్ ఉన్న గాయాలు కూడా కంటికి మూసుకున్నట్టే కనిపించాయి. కానీ చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని కొలిస్తే ఎక్కువగా పోతోంది. అంటే పైన కప్పు వేసింది కానీ కారుతోంది. కొలతబద్ద పెట్టి వైశాల్యం కొలిచి "మానింది" అని రాసే మనందరికీ అది హెచ్చరిక. ఇంత పెద్ద గాయం, ఇన్ని వారాలు, పదే పదే కొలత చిట్టెలుకలో సాధ్యం కాదు.

బరువు సంగతికొస్తే, మామూలు ఫారం పంది ప్రయోగం జరుగుతుండగానే పెరిగిపోతుంది, దాంతోపాటు గాయం ఉన్న చర్మమూ సాగుతుంది. ఎనిమిది వారాల ప్రయోగమైతే మినీపిగ్ (పెద్దగా పెరగని చిన్న రకం పంది) తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పంది గాయాన్ని బాగానే మాన్పుకుంటుంది. షుగర్ తెప్పించవచ్చు, కానీ ఖర్చూ సంరక్షణా రెండూ పెరుగుతాయి. వీపు ముందు భాగంలో గాయం మానే వేగమూ వెనక భాగంలో వేగమూ ఒకటి కాదు కాబట్టి, చికిత్సలను వీపు పొడవునా చీటీలు వేసి పంచాలి. పంది గోడకు రాసుకుంటుంది; డ్రెస్సింగు ఊడకుండా జాకెట్టు తొడగాలి. పైగా పందుల చర్మం మీద, ముక్కులో స్టాఫిలోకాకస్ సహజంగానే ఉంటుంది, ఒక్కోసారి మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకం కూడా. కోత పెట్టే ముందే స్వాబ్ తీసి చూడకపోతే, తర్వాత లెక్కపెట్టిన కాలనీలు మీరు వేసినవో, దానివో తెలియదు.

మిగతావి

ఎలుకకు చిట్టెలుక చర్మపు లోపాలే ఉన్నాయి. కాస్త పెద్ద గాయం, ఎక్కువ కణజాలం దొరుకుతాయి, కాలిన గాయాలకు స్థిరపడ్డ పద్ధతులున్నాయి. అంతకుమించి దాన్ని ఎంచుకోవడానికి నాకు గట్టి కారణం కనిపించదు. మనిషిలాగే విటమిన్ సీని తయారుచేసుకోలేని గినీ పిగ్, కొల్లాజెన్ మీద ప్రశ్న ఉన్నప్పుడు ఆలోచించదగ్గది.

మైనపు పురుగు లార్వాలు 37 డిగ్రీల దగ్గర బతుకుతాయి. మందు విషమా కాదా, బ్యాక్టీరియా రకాల్లో ఏది తీవ్రం అన్నది వారంలో తేల్చుకోవచ్చు. మనిషి చర్మం లాంటిది లేని జీవి కాబట్టి మనిషి పుండు గురించి ఏమీ చెప్పదు. జీబ్రాఫిష్‌దీ దాదాపు అదే కథ. వీటికన్నా ముందు చేయాల్సింది మరొకటుంది: ప్రయోగానికి సంబంధం లేకుండా చనిపోయిన పంది చర్మపు ముక్కలను శుభ్రం చేసి, చిన్న గాయం చేసి, అగర్ మీద ఉంచి బయోఫిల్మ్ పెంచడం. మూడు రోజుల్లో ముదిరిన బయోఫిల్మ్ వస్తుంది. రోగనిరోధక శక్తి ఉండదు, రక్తం ఉండదు. కానీ మీ మందు అసలు జిగురు దాటి లోపలికి వెళుతుందా లేదా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది. ఇక్కడ ఓడిపోయిన మందును జంతువు మీద వేయడానికి నాకు మనసొప్పదు.

మీ ప్రశ్న ఏదైతే...

ఫలానా జన్యువు, ఫలానా కణం లేకపోతే బయోఫిల్మ్ నిలుస్తుందా అన్నది ప్రశ్న అయితే చిట్టెలుక, స్ప్లింటుతో. అందులో వాదన లేదు. షుగర్ పాత్ర మీద అయితే డీబీ/డీబీ ఒక్కదానితో ఆగకుండా స్ట్రెప్టోజోటోసిన్ చిట్టెలుకలోనూ అదే ఫలితం వస్తుందేమో చూడండి. రెండింట్లోనూ వస్తే మీ మాటకు బలం.

రెండు మూడు పూతమందుల్లో ఏది బయోఫిల్మ్‌ను తగ్గించి గాయాన్ని ముందుకు నడిపిస్తుందన్నది ప్రశ్న అయితే కుందేలు చెవి. తక్కువ జంతువులతో కచ్చితమైన అంకె వస్తుంది. బడ్జెట్ చూసి ఇక్కడ చిట్టెలుకకు దిగొద్దు. ఒక్కో జంతువు ధర తక్కువే కానీ ఫలితాల్లో చెల్లాచెదురు ఎక్కువ కాబట్టి సంఖ్య పెంచాల్సి వస్తుంది, చివరికి ఆదా అయ్యేది అంతంతమాత్రమే.

పరికరం, పెద్ద డ్రెస్సింగు, గీకి తీసే పద్ధతి, లేదా మానిన చర్మం నాణ్యత మీద ప్రశ్న అయితే పంది. అయితే నేరుగా పందితో మొదలుపెట్టకండి. మోతాదు, సమయం చర్మపు ముక్కల మీదా, కుందేలు మీదా తేలాక, ఒక్క ప్రశ్నతో పంది దగ్గరకు వెళ్లండి.

ఏది ఎంచుకున్నా తప్పించుకోవాల్సినవి

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు లెక్కలది. ఒక పంది మీద ఇరవై గాయాలు చేసి, రెండు పందులు వాడి, "నమూనాల సంఖ్య 40" అని రాస్తారు. ఆ ఇరవై గాయాలకూ రక్తం ఒకటే, రోగనిరోధక శక్తి ఒకటే, తిండి ఒకటే. అవి ఇరవై సాక్ష్యాలు కావు. జంతువును ఒక మెట్టుగా, దానిలోని గాయాలను దాని కింది మెట్టుగా పెట్టి లెక్కించే గణాంక పద్ధతులున్నాయి. ప్రయోగానికి ముందే ఆ లెక్కలు తెలిసినవారితో కూర్చోండి. ఒకే జంతువు మీద బ్యాక్టీరియా వేసిన గాయం, వేయని గాయం పక్కపక్కనే ఉంటే ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకడం ఖాయం. కుందేలులో ఒక చెవి ఒక గుంపుకు, రెండో చెవి ఇంకో గుంపుకు ఇచ్చినా, వేయని చెవి నుంచి కూడా కాలనీలు లెక్కపెట్టి చూపించండి.

రెండోది, వెండి, అయోడిన్, పీహెచ్ఎంబీ లాంటి క్రిమిసంహారక మందుల సంగతి. గాయం ముక్కను తీసి నూరినప్పుడు అందులో మిగిలిన మందు కూడా ఆ ద్రావణంలోకి వస్తుంది. ప్లేటు మీద పోశాక అది అక్కడ బ్యాక్టీరియాను చంపుతుంది. పుండులో బతికే ఉన్న బ్యాక్టీరియా మీ లెక్కలో సున్నా అయిపోతుంది, మందు అద్భుతంగా కనిపిస్తుంది. నూరే ద్రావణంలోనే ఆ మందును నిర్వీర్యం చేసే పదార్థం కలపాలి, అది పనిచేస్తోందని విడిగా చూపించాలి. ఈ ఒక్క వాక్యం పద్ధతుల విభాగంలో లేకపోతే ఆ పేపర్‌లోని తగ్గుదలను నేను నమ్మను.

మూడోది నొప్పి మందు. నొప్పి తగ్గించకుండా ఇలాంటి ప్రయోగం చేయకూడదు. కానీ ఇబుప్రోఫెన్ తరహా మందులు వాపునూ మార్చేస్తాయి కాబట్టి, బ్యూప్రెనార్ఫిన్ లాంటిది ఎంచుకుని అన్ని గుంపులకూ ఒకేలా ఇవ్వండి. ఎంత బరువు తగ్గితే, ఏ లక్షణం కనిపిస్తే జంతువును ప్రయోగం నుంచి తప్పించాలో ముందే రాసి గోడకు అంటించండి. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు (జంతువుకు బదులు వేరే దారి వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం), జంతు ప్రయోగాలను ఎలా నివేదించాలో చెప్తూ 2020లో కొత్తగా వచ్చిన అరైవ్ మార్గదర్శకాలు దరఖాస్తులో నింపే పేరాలుగా మాత్రమే ఉండకూడదు. కొలిచే మనిషికి ఏ గాయం ఏ గుంపుదో తెలియకుండా ఉంచడం దగ్గర్నుంచి అవన్నీ ఫలితాన్ని కాపాడేవే.

బ్యాక్టీరియా రకాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. సూడోమోనాస్‌లో పీఏఓ1 లాంటి ల్యాబు రకంతో మొదలుపెట్టడం సరే, పాత పేపర్లతో పోల్చుకోవచ్చు. తర్వాత రోగి పుండు నుంచి తీసిన రకం ఒకటైనా చేర్చండి.

చివరగా పైలట్, అంటే అసలు ప్రయోగానికి ముందు చేసే చిన్న పరీక్ష. మూడు నాలుగు జంతువులు చాలు, మందు ఏదీ వేయకుండా. బ్యాక్టీరియా వేసి, అసలు ప్రయోగంలో మందు మొదలుపెట్టాల్సిన రోజు వచ్చేదాకా ఆగి, ఆ రోజున గాయం తీసి కోయండి. కొంత భాగం కాలనీల లెక్కకు, కొంత ఫిష్ రంగు వేసి మైక్రోస్కోపు కిందకు. కణజాలం మధ్యలో గుంపులు మెరుస్తూ కనిపిస్తే మిగతా జంతువులకు ఆర్డరు పెట్టండి. విడివిడిగా చల్లినట్టు చుక్కలే కనిపిస్తే ఇంకో రోజు ఆగి చూడాలో, బ్యాక్టీరియాను వేసే పద్ధతి మార్చాలో అప్పుడే తేల్చుకోండి.